తొట్టిలో నీలిమందు, గాలిలో పొగ

ఆ రోజుల్లో ఒక సంగతి తెలుసుకోవాలంటే కాళ్లరిగేలా తిరగాలి, నలుగురి చేత చీవాట్లు తినాలి, ఆ తర్వాత గానీ మనం అనుకున్నది తప్పని తేలేది కాదు. ఇప్పుడా శ్రమ లేదు. పెందుర్తిలో కాలు మీద కాలేసుకుని కూర్చున్న నాకు, మధురవాడలో ఉద్యోగం చేసే మా తోడల్లుడి కొడుకు పొద్దున్నే ఫోనులో ఒక ముక్క పంపేస్తాడు. "పెదనాన్నా, ఇది సూడండి. మనం వదిలే బొగ్గుపులుసు వాయువు నాలుగైదేళ్లకే గాల్లోంచి పోద్దంట, బెంగెట్టుకోనక్కర్లేదంట." చదవగానే నాకు ఒళ్లు మండుతుంది. మండదా మరి? ఆ తప్పు ఈ ఊళ్లో అందరికన్నా ముందు చేసినవాణ్ణి నేను (పేటెంటు తీసుకోలేదు, అంతే).

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. చదువు పదో తరగతి దగ్గరే ఆగిపోయినా, గ్రంథాలయంలోని చిరుగుల సైన్సు పుస్తకాలన్నీ నా బుర్రలోకి వచ్చేశాయని గట్టి నమ్మకం. ఉక్కునగరంలో ఒక తోటకు నీళ్లందించే చోట టెంపరరీగా పనిచేసేవాణ్ణి. అక్కడ ఒక సిమెంటు తొట్టి, దాన్ని ఆనుకుని అంతే వెడల్పున్న లోతైన నుయ్యి. తొట్టిలో నీరు గోడ కన్నంలోంచి నూతిలోకి పోయేది, నూతి అడుగునుంచి మోటారు మళ్లీ తొట్టిలోకి తోడిపోసేది. రోజంతా ఇదే రాకపోక. నూతి అంచు దగ్గర సన్నటి కాలువ ఒకటి మొక్కలకు పోయేది. ఆ కాలువలో పోయినంత నీరు కుళాయి నుంచి వచ్చేది. నా ఉద్యోగమల్లా తొట్టి గోడ మీద గీతలు చూసి, పూటపూటా నీటిమట్టం పుస్తకంలో రాయడం.

మా ఇంజినీరుగారిని అందరూ ఫార్ములా సార్ అనేవాళ్లు (టీలో చక్కెరకు కూడా ఆయన దగ్గర ఒక సూత్రం ఉండేది). ఒక ఆదివారం క్లబ్బులో ఆయన ఉపన్యాసం. "గాలి కూడా మన తొట్టిలాంటిదేనయ్యా. వచ్చేదెంత, పోయేదెంత, నిలవెంత, అంతే లెక్క. పొగలోని బొగ్గుపులుసు వాయువును సముద్రం నాలుగైదేళ్లలో లాగేసుకుంటుంది" అన్నారు. ముందుగా చప్పట్లు కొట్టింది నేనే. నన్ను పర్మనెంటు చేసే ఫారం ఆయన బల్ల మీద సంతకానికి ఎదురుచూస్తోంది, శనివారం సాయంత్రం ఐదింటికి గడువు. అయితే అదొక్కటే కారణం కాదు. ఆయన చెప్పింది నా తొట్టిలోనే కళ్లారా చూడొచ్చని తోచి ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

సోమవారం పెద్ద కుళాయిని గంటసేపు అదనంగా విప్పి, ఆ నీళ్లలో బట్టలకు పెట్టే నీలిమందు కలిపాను. తొట్టి గాలి, నుయ్యి సముద్రం, నీలం నీరు పొగ. మర్నాటికి నీలం మాయమైంది. "పొగ పోయింది" అని పుస్తకంలో రాసి మళ్లీ పోశాను. బుధవారమూ అంతే.

నాతోపాటు మోటారు చూసేవాడు రేవువైపు చేపలవేట కుటుంబం కుర్రాడు, మాకు బావా బావా అని పిలుపు. వాడు గట్టుమీద కూర్చుని బీడీ వెలిగించి అడిగాడు.

"ఏటి సేత్తన్నావ్ బావ?"

"పొగ సముద్రంలోకి ఎంత తొందరగా పోతుందో చూస్తున్నా."

"రంగు పోనాది, నిజమే. నీరేటైనాది? వానలకి గెడ్డలో పారొచ్చే ఎర్రనీరు సముద్రంలో కలిత్తే రెండ్రోజులకి రంగగుపడదు. నీరు ఎక్కడికి పోద్ది బావ? నువ్వు రంగు సూత్తన్నావు, గీత సూడ్డం లేదు."

చేపలు పట్టే వాడికి భౌతికశాస్త్రం ఏం తెలుసని నవ్వేశాను. గురువారం నాలుగోసారి పోశాను. తొట్టి పొంగింది. పక్క చప్టా మీద సార్ వాళ్ల ఆవిడ గుమ్మడి వడియాలు ఎండబెట్టారు. నీలంరంగు వడియాలను అంతకుముందూ నేను చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

"వీడికి సంతకం పెట్టారంటే నేను పుట్టింటికి పోతాను" అని ఆవిడ ఆఫీసు గుమ్మంలోనే చెప్పి వెళ్లారు. సార్ పెన్ను తీశారు, మూత పెట్టారు.

"మట్టం ఎంతుంది?"

"రాయలేదు సార్. రంగు చూస్తూ కూర్చున్నాను."

"మట్టం రాయడమే కదటయ్యా నీ ఉద్యోగం?"

నోరు మూసుకుంటే సరిపోయేది. మూసుకోలేదు, బావ అన్న మాట అప్పటికి బుర్రకెక్కింది. "నాదీ మీదీ ఒకటే తప్పు సార్. నీలం నీరు నూతిలోకి పోయింది, దాని చోట్లోకి తెల్లనీరు వచ్చింది. గాజువాక బస్సులో ఒకడు దిగితే ఒకడెక్కుతాడు, సీటు ఖాళీ అవుతుందా? నాలుగైదేళ్లన్నది ఒక్కొక్కడి ప్రయాణం సార్, బస్సులో రద్దీ తగ్గడం కాదు."

ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నారు. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. "మరి రద్దీ తగ్గడానికి ఎన్నాళ్లు పడుతుందంటావ్?" అన్నారు మెల్లగా. తెలీదన్నాను. "నాకూ తెలీదు, పద" అని బల్ల మీద చేతికందిన కాగితం తీసుకుని చెప్పులేసుకున్నారు.

ఆ రెండున్నర రోజులూ మేమిద్దరం తొట్టి దగ్గరే. అదనపు నీళ్లు పోయడం మానేసి గంటగంటకూ గీత చూశాం. మట్టం మొదట చకచకా దిగింది, తర్వాత నెమ్మదించింది, ఆపైన నత్తనడక. మట్టం తగ్గేకొద్దీ కాలువకూ బద్ధకం పెరిగింది. "చివరి వేలెడే ఏడిపిస్తుందయ్యా" అంటూ సార్ ఆ కాగితం మీద చుక్కలు పెట్టి గీత కలుపుతున్నారు. భోజనానికి రమ్మని రెండుసార్లు కబురొచ్చింది. ఆయన కదల్లేదు, నేనూ కదల్లేదు.

శనివారం షిఫ్టు దిగి పోతూ బావ ఆగాడు. "సార్, ఈడి కాయితం ఏటైనాది?"

సార్ గడియారం చూసుకున్నారు. ఐదూ నలభై. చేతిలోని కాగితం తిప్పారు. అది నా ఫారమే. ముందువైపు సంతకం గడి ఖాళీ, వెనకవైపు రెండున్నర రోజుల నీటిమట్టం.

పర్మనెంటు కావడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆ కాగితం సార్ నాకే ఇచ్చేశారు. లోకంలో చాలామంది మీద నాకు కోపం, ఆ జాబితా ఇంట్లోవాళ్లకు కంఠతా వచ్చు. అందులో ఆ ఇరవై మూడేళ్ల కుర్రవాణ్ణి కూడా చేర్చాలని ఆ కాగితం తీసిన ప్రతిసారీ అనుకుంటాను. కానీ వాడు బోర్లా పడుకుని, తొట్టి అంచుకు గడ్డం ఆనించి, గీత ఇంకో వెంట్రుకవాసి దిగిందా లేదా అని చూస్తూ కనిపిస్తాడు. పిలవబుద్ధి కాదు.