రెండో డ్రిప్పు

మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజుల్లో మా వైపు గొంతు మండనివాళ్ళుండరు. అందుకే మా అమ్మాయి గొంతు నొప్పంటే మా అత్తగారూ, మా ఆయనా, చివరికి ఊళ్ళో ఆర్‌ఎంపీ కూడా ఘాటేలే అని తీసిపారేశారు. జ్వరం కూడా ఉందని నేను మొత్తుకున్నా విన్నవాళ్ళు లేరు.

కొన్నాళ్ళకు ఆ పిల్ల ఉన్నట్టుండి మారిపోయింది. మూడో తరగతి చదువుతూ ఇల్లంతా గెంతే పిల్ల, ఓ పొద్దున కంచం ముందు కూర్చుని వణికిపోయింది. అన్నంలో పురుగుమందు కలిసిందంటుంది. చేతులు ఎర్రబడినా కడుగుతూనే ఉంటుంది. నేను పక్కన లేకపోతే ఒకటే ఏడుపు.

గుంటూరులో ఒక డాక్టరు గారు పరీక్షల భయమన్నారు, ఇంకొకాయన గారాబం తగ్గించమన్నారు. చిక్కి సగమైన పిల్లకు గారాబమేమిటో, నాకు ఒళ్ళు మండిపోయింది. మా అత్తగారైతే గాలి సోకిందని తేల్చేసి తాయెత్తు కట్టించుకొచ్చారు.

చివరికి పిల్లల నరాల డాక్టరమ్మ ఒకావిడ, "దీనికి ముందు గొంతునొప్పి ఏమైనా వచ్చిందా అండి?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్న అడిగేవాళ్ళు దొరకడానికి మాకు ఇన్నాళ్ళు పట్టింది. పరీక్షలన్నీ చేయించాక, గొంతులో క్రిమితో పోరాడాల్సిన రక్షణశక్తి దారి తప్పి మెదడు మీద పడినట్టుందని చెప్పారు. దాన్ని దారిలో పెట్టే మందు, ఇమ్యునోగ్లోబులిన్ డ్రిప్పు పెడదామన్నారు. అందరికీ పనిచేస్తుందని మాట ఇవ్వలేనని, మరోసారి పెట్టాల్సి రావచ్చని కూడా అన్నారు.

డ్రిప్పు పెట్టిన కొన్ని వారాలకు పిల్ల మళ్ళీ తినసాగింది. ఇంక మా ఇంట్లో సంబరం చూడాలి. అంతా తాయెత్తు మహిమేనట. రెండో డ్రిప్పుకు రమ్మన్నారని చెబితే మా ఆయన, "తగ్గిందిగా, ఇంకెందుకు పిల్లని సూదుల్తో పొడిపించటం?" అన్నారు. పత్తికి మందు కొట్టే అదను పోతుందని ఆయన దిగులు. చేతులు ఇంకా చాటుగా కడుగుతోందని నేనంటే, నీకన్నీ అనుమానాలేనని అత్తగారు కొట్టిపారేశారు. వాదించి వాదించి నేను అలిసిపోయాను గానీ ఒక్కరూ కదల్లేదు.

ఆ మధ్యాహ్నం అత్తగారు పప్పన్నం కలిపి తినిపిస్తున్నారు. మా మాటలన్నీ వింటున్న పిల్ల ముద్ద మింగి మెల్లగా అంది.

"నాయనమ్మా, నాకు భయం పోలా. తినకపోతే మీరంతా ఏడుస్తున్నారని తింటున్నా."

అత్తగారు చేతిలోని తర్వాతి ముద్ద కంచంలో పెట్టేశారు. డాక్టరమ్మ దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్ళాలని ముందుగా అడిగింది ఆవిడే.