విలన్‌కు చప్పట్లు కొట్టిన మా నాయిన

ఈ రోజు మా నాయినను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సూపర్‌హీరో డబ్బింగ్ సినిమాకు తీసుకెళ్లాను. ఆయన సగం జీవితం పోచంపల్లిలో మగ్గం నేసిన మనిషి. అక్కడ నేత కార్మికుల మీటింగులో ఎవరైనా లేచి న్యాయమైన మాట అడిగితే, అడిగినవాళ్లు ఒంటరి కాకూడదని మిగతావాళ్లు వెంటనే చప్పట్లు కొడతారు.

సినిమాలో విలన్ ఒక కంపెనీ పెద్దలను నిలదీశాడు. "మా ఊరి నీళ్లను విషం చేసి, మమ్మల్నే ఊరు ఖాళీ చేయమంటారా?" అన్నాడు. నిశ్శబ్దంగా ఉన్న హాల్లో నాయిన ఒక్కడే చప్పట్లు కొట్టాడు. ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి నవ్వారు.

"నాయినా, గాయిన విలన్," అన్నాను మెల్లగా.

కాసేపటికే ఆ విలన్ పిల్లలున్న బస్సును పేల్చేశాడు. హీరో ఎగిరొచ్చి అతన్ని చంపాడు. ఈసారి హాలంతా చప్పట్లు, ఈలలు. నాయిన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

మెట్రోలో ఎల్బీ నగర్ దాకా వచ్చాం. దిగాక నాయిన అడిగాడు. "గాయిన అడిగింది సక్కగనే ఉండె గద బిడ్డా. మరి ఆయనతోటి పిల్లలనెందుకు సంపిచ్చిన్రు?"

"గట్లయితేనే గద నాయినా, మనకు ఆయన మీద కోపమొచ్చేది."

"మేం సమ్మె చేసినప్పుడు గూడ జనం మమ్ముల గిట్లనే సూసిన్రా?"

సినిమా చూసినవాళ్లెవరైనా ఉంటే ఒక్క మాట చెప్పండి. ఆ ఊరి నీళ్ల గురించి హీరో చివర్లో ఏమైనా అన్నాడా? ఈలల్లో మాకు వినపడలేదు.