మంచిగుంటయి

మా పెరట్లో జామచెట్టుకు బుల్‌బుల్ పిట్టలు, మందారాలకు తేనెపిట్టలు వస్తాయి. పొద్దున ప్రార్థన అయ్యాక టీ గ్లాసుతో వాటిని చూసి, తర్వాత చెరువుగట్టుకు పోతాను. నకిరేకల్ దగ్గర మా ఊరి చెరువు, పూడిక తీసిన తర్వాత ఒక ఏడు బాగా ఆలస్యంగా నిండింది. ఆ ఏడు ఒక నీటికోళ్ళ జంట తుంగలో గూడు కట్టింది. నల్లటి ఒళ్ళు, నుదుట తెల్లటి మచ్చ. వరికోతలు మొదలయ్యే వేళకు పిల్లలు బయటికొచ్చాయి. ఎర్రటి బట్టతలలు. తల్లో తండ్రో మునిగి నాచు తెచ్చి నోటికి అందిస్తే తప్ప తినలేవు.

చెరువులో చేపలు పట్టే ఒకతను మా సంఘంలో కొత్తగా బాప్తిస్మం తీసుకున్నాడు. ఓ రోజు వల దులుపుతూ అడిగాడు.

"రోజు గీ నీటికోళ్ళనే సూస్తవేందక్కా?"

"మంచిగుంటయి తమ్మీ" అన్నాను.

దేవుడు తాను చేసినదాన్ని చూసి మంచిదన్నాడని సండేస్కూల్లో నేర్చుకున్నదాన్ని. ఆ మాట నా నోట ఆ అర్థంతోనే వచ్చింది.

కోతల పండుగ వచ్చింది. ఆ ఆదివారం అందరూ పంటలో మొదటిది తెచ్చి, మేం గుడి అనే చర్చిలో ముందు పెడతారు. పాస్టరు అయ్యగారు ప్రార్థించాక వాటికి వేలం పాట పెడతారు. గుమ్మడికాయల పక్కన ఒక గంప కదులుతోంది. ఎత్తి చూశాను. నీటికోళ్ళు రెండు. ఎగరకుండా రెక్కలు ఒకదాంట్లో ఒకటి మెలేసి ఉన్నాయి. ఆ చెరువులో ఇంకో జంట లేదు.

సంఘపెద్ద దగ్గరికి పరుగెత్తాను. "పెద్దయ్యా, వీటిని వదిలేద్దాం. పిల్లలున్నయి."

"దేవునికిచ్చినంక ఎనక్కిస్తమా బిడ్డా? పాట పాడు. గెలిస్తే నీ ఇష్టం."

పాడాను. నా మీద పాడింది ఎవరో కాదు, వాటిని పట్టి తెచ్చిన ఆ చేపలతనే.

"అక్కకు జిహ్వ ఎక్కువైందిరో!" అని వెనక బెంచీలో ఎవరో అన్నారు. గుడంతా నవ్వింది.

అతను నా వైపు వంగి, "నువ్వు కూసో అక్కా. నీ కోసమే పాడుతున్న. నీ చేతులనే పెడ్త" అన్నాడు.

పెద్దయ్యతో నేనన్నది విన్నాడనుకున్నాను. దేవునికి స్తోత్రం చెప్పి కూర్చున్నాను.

ఆశీర్వాదం అయ్యేసరికి అతను గుడి వెనక నుంచి మోదుగాకుల పొట్లంతో వచ్చాడు. ఆకుల కింద ఇంకా వెచ్చగా ఉంది.

"నీకెందుకు కష్టమని బొచ్చు గూడ నేనే తీసిన. పిల్లలున్నయంటివి గద, నాకు ముందే ఎరుకే. లేతగుంటయని పొద్దుగాలనే వాటికి గూడ ఎతికిన. తుంగల దాసుకున్నయి. దొరకలే."

ప్రేమతో ఇచ్చాడు. రెండు చేతులా అందుకున్నాను.

మర్నాడు గట్టు మీదికి పోయాను. ఎర్రటి తలలు తుంగ వదిలి నడినీళ్ళలోకి వచ్చి, ఆగకుండా అరుస్తున్నాయి. పైన గద్ద తిరుగుతోంది. రాలిన ప్రతి పిట్టా దేవుని లెక్కలో ఉంటుందని నేను నమ్ముతాను. ఇప్పటికీ నమ్ముతాను. ఆ పొద్దున గద్ద కూడా ఒక్కదాన్నీ మరిచిపోలేదు.

అవతల నుంచి వల విసురుతూ అతను కేకేశాడు.

"ఎట్లున్నయక్కా? మంచిగున్నయా?"