గరుడసేవ కోసం కొన్న రికార్డింగ్ పెట్టె

నేను వంటింట్లో మాట్లాడితే హాల్లోకి వినబడదని మా వాళ్లంతా అంటారు. అట్లాంటి దాన్ని, మొన్న గరుడసేవ పొద్దున కేబుల్ ఆఫీసులో, పదిమంది ముందర, కౌంటరు మీద చెయ్యి కొట్టి మరీ అరిచినాను! ఎందుకు అరిచినానో వినండి. నవ్వేదైతే చివరన నవ్వండి, మధ్యలో వద్దు.

మా అక్క పుత్తూరులో ఉంటుంది. ఆడ భజన మండలిలో ఇరవై ఏండ్లుగా కోలాటం వేస్తుంది. ఈసారి బ్రహ్మోత్సవాల్లో గరుడసేవకు వాళ్ల మండలిని పిలిచినారు. స్వామివారి ముందర, మాడవీధుల్లో కోలాటం! అదీ టీవీలో లైవు! "నేను కనపడేది అర నిమిషమో ఏమో. అది దాచిపెట్టు పాపా" అని ఫోన్లో అడిగింది. మా పుట్టింటి ఫోటోలు, పాత జాబులు, పెండ్లి పత్రికలు అన్నీ నా బీరువాలోనే ఉండాయి మరి. ఇంకెవరిని అడుగుతుంది?

చిక్కేమంటే, ఆ సాయంత్రమే క్రికెట్టు. మా ఆయన సంగతి మీకు తెలీదు. మా నాయన భజన పాడిన క్యాసెట్టు ఒకటి ఉండేది. ఒకప్పుడు ఈయన దాని మీద రేడియో కామెంటరీ రికార్డు చేసేసినారు. నాయన గొంతు ఇంక యాడా లేదు. అప్పుడు నేను ఒక్క మాటా అనలేదు. మరిచిపోనూ లేదు.

అందుకే గరుడసేవ ముందురోజు, రికార్డు చేసే డిజిటల్ కేబుల్ పెట్టె కోసం ఇద్దరం పోయినాము. కేబులాయన రెండు పెట్టెలు ముందర పెట్టినాడు.

"ఇది సింగిల్ ట్యూనరమ్మా. ఏది రికార్డు అవుతా ఉంటే అదే చూడాల. ఇది ట్విన్ ట్యూనరు. ఒక చానలు రికార్డు అవుతా ఉంటే ఇంకోటి చూసుకోవచ్చు."

"ఇంట్లో ఉండేది ఇద్దరం. సింగిల్ చాలప్పా" అన్నారు మా ఆయన.

"చాలదు. మీకు క్రికెట్టు, నాకు గరుడసేవ. ట్విన్నే ఇవ్వండి" అన్నాను. ఎప్పటి మాదిరే మెల్లగా. ఆయన నా మొహం చూసి సింగిల్ పెట్టెను పక్కకు తోసేసినారు. క్యాసెట్టు గుర్తొచ్చినట్టుంది.

కేబులాయనే ఇంటికొచ్చి బిగించి, రిమోటు నొక్కి అన్నీ చూపించినాడు. బంగారంగా పని చేసింది. ఆయన పోయినాక నేను చేయాల్సింది నేను చేసినాను. కొత్త వస్తువు ఇంటికొస్తే ఊరికే వదిలేస్తామా? పసుపు తడిపి ఒత్తుగా పెట్టి, దాని మీద కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి దండం పెట్టుకున్నాను. పెట్టె ముందర సరిగ్గా నడిమధ్యన, నల్లగా గుండ్రంగా చిన్న అద్దం బిళ్ల ఉండాది. నొసలు మాదిరే ఉండాది! బొట్టు పెట్టడానికే వదిలినారేమో అనుకున్నాను.

ఆ తరవాత రిమోటు నొక్కితే పెట్టె పలకదు! బ్యాటరీలు మార్చినాము. అరచేతిలో తట్టినాము. మా ఆయన సోఫా ఎక్కి ఒకసారి, నేల మీద బోర్లా పడుకొని ఒకసారి నొక్కినారు. ఊహూఁ. రికార్డు బటనేమో రిమోటులోనే ఉండాది.

"రెండు ట్యూనర్లంటివే, ఒక్కటీ పలకలేదే!" అని ఆయన నవ్వినారు చూడండి, నాకు తిక్క రేగింది. ఆ కేబులాయన ఉన్నంతసేపు పని చేసి, గడప దాటినాక ఆగిపోతుందా? మోసం కాకపోతే ఏమిది?

పొద్దున్నే పెట్టెను పసుపు గుడ్డలో మూట కట్టి బయలుదేరినాను. గరుడసేవ జనం! ఆటోలు కదిలేదే లేదు. అలిపిరికి నడిచిపోయే యాత్రికులకు ఎదురుగా నేను, చేతుల్లో పసుపు మూట. "ముడుపు! ముడుపు పోతా ఉంది, తప్పుకోండి!" అని ఎవరో అరిచినారు. అందరూ దారిచ్చినారు. ఒక ముసలామె మూటను తాకి కండ్లకద్దుకొని "గోవిందా" అనింది. నాకు ఇంకా మండింది. చెడిపోయిన పెట్టెకు ఇంత మర్యాదా!

ఆ మంటతోనే కౌంటరు మీద కొట్టినాను. "స్వామి సేవ దాచుకోవాలని కొంటే పనికిరాని పెట్టె అంటగడతారా? సాయంత్రానికి మా అక్క కనపడకపోతే ఎవరు జవాబుదారీ?"

కేబులాయన మూట విప్పినాడు. పెట్టెను చూసినాడు, నన్ను చూసినాడు.

"అమ్మా, ఈ నల్ల బిళ్ల పెట్టెకు కన్ను. రిమోటు నొక్కేది దీనికి కనపడాల. మీరు కంట్లో కుంకుమ కొట్టినారు తల్లీ."

ఆఫీసంతా గొల్లుమనింది.

"అట్లయితే తుడవండి" అన్నాను, తల వంచుకొని.

ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. "ముత్తైదువ పెట్టిన బొట్టు నేను తుడిచేదా? మీరే తుడుచుకోండమ్మా."

"నా చేత్తో బొట్టు తుడిచేదా! ఉత్సవాల పూట!"

ఆయన తాకడు, నేను తాకను. చివరకు ఆయన దూదిని స్పిరిట్లో ముంచి, పెట్టెకు దండం పెట్టి, "ఇది తుడిచేది కాదమ్మా, సర్వీసు" అని చేసేసినాడు. రిమోటు నొక్కితే పచ్చ లైటు టపీమని వెలిగింది!

సాయంత్రం మాడవీధుల్లో అక్క కోలాటం వేసింది. రికార్డు అయింది. ఆయన క్రికెట్టు ఆయన చూసుకున్నారు. కథ ఆడికి ఆగింటే నా మర్యాద మిగిలేది.

మరుసటి వారం అక్క వచ్చింది. రికార్డింగు పెట్టి, తన మొహం దగ్గరకు రాగానే నిలిపినాను. అక్క కండ్లల్లో నీళ్లు. సంతోషమనుకున్నాను. "పాపా, చెమటకు నా బొట్టు కరిగిపోయిందే! స్వామి ముందర బోసి నొసటితో ఆడినానే! అందరూ చూసింటారే!" అని ఏడ్చేసింది.

నేను గబుక్కున లేచినాను. ఏమీ ఆలోచించలేదు. కుంకుమ భరిణె తెచ్చి, టీవీలో అక్క నొసట నిండుగా బొట్టు పెట్టేసినాను. అక్క కండ్లు తుడుచుకొని, "ఇప్పుడు బాగుండానే" అని నవ్వింది.

మా ఆయన రిమోటు నొక్కినారు. అక్క ముందుకు పోయింది. బొట్టు ఆడే నిలబడింది.

ఇప్పుడు మా ఇంటి టీవీలో వార్తలు చదివేటాయనకు నొసట బొట్టు. బ్యాటు పట్టినాయనకు బొట్టు. సబ్బు ప్రకటనలో గేదెకూ బొట్టే. తుడిచే ధైర్యం ఎవరికీ లేదు. కేబులాయనకు ఫోన్ చేసి, సర్వీసుకు రమ్మనాల. ఈసారి మాత్రం నా గొంతు నిజంగానే లేవడం లేదు!