బాగుపడిన గుండీ

ఆదివారం పూట ఎమ్మిగనూరు బస్సు ఆలస్యమైతే నాకు కడుపులో చల్లగా ఉండేది. అందులో మా బామ్మర్ది వచ్చేవాడు. టైరు పంక్చరవ్వాలనీ, ఇంజను మొరాయించాలనీ, ఏదీ కాకపోతే కనీసం వాడి పక్కన మేకను ఎక్కించుకున్న మనిషైనా కూర్చోవాలనీ కోరుకునేవాణ్ణి. బస్సు మాత్రం వచ్చేది. చేతిరుమాలు మూటను ఎదకు ఆనించుకుని వాడు దిగేవాడు. ఆ మూటలో పదకొండు గుండీలుండేవి.

చొక్కాలకు, కోట్లకు కుట్టే గుండీలే. డెబ్భైల చివరా ఎనభైల మొదటా మేము ఆదోనిలో వాటితో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళం. టైలరు షాపులో బట్ట కత్తిరించే పెద్ద బల్ల మీద ఆకుపచ్చ దుప్పటి పరిచి, సుద్దతో గీతలు గీసి, అటూ ఇటూ అగ్గిపెట్టె డొల్ల నిలబెడితే అదే మైదానం. ఒక్కో గుండీ ఒక్కో ఆటగాడు. చేతిలో ఉన్న పెద్ద గుండీతో ఆటగాడి అంచు మీద నొక్కితే అది సర్రున జారి బంతిని తగలాలి. బంతి అంటే చంటిపిల్లల చొక్కాకు కుట్టే పూసంత తెల్ల గుండీ.

ఈ ఆటను కనిపెట్టింది నేనేనని చాలామందికి చెప్పుకున్నాను. అది అబద్ధం. మా రైల్వే స్టేషనులో పార్సిళ్ళు చూసే గుమాస్తా ఒకాయన తన ఊరి నుంచి తెచ్చిన ఆట అది. ఆయనకు బదిలీ అయిపోతే ఆట మా దగ్గర మిగిలింది. దానికి లీగు ఉండాలని, ఏడాది చివర అందరికన్నా ఎక్కువ బాగుపడిన ఆటగాణ్ణి ఎంచి బహుమతి ఇవ్వాలని చెప్పిపోయింది కూడా ఆయనే. బహుమతి వెండి కప్పు. కాదు లెండి, స్టీలు గ్లాసు.

మా లీగు చూడటానికి కోసిగి నుంచి కూడా జనం వచ్చేవాళ్ళని రాద్దామనుకున్నాను. కోసిగి నుంచి ఒకాయన వచ్చాడు, ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి. కుట్టు అయ్యేదాకా కూర్చుని చూశాడు. ఉన్నది మొత్తం నాలుగు జట్లు. పత్తి మండీలో గుమాస్తానైన నాది ఒకటి, షాపు యజమాని అయిన టైలరు భాయ్‌ది ఒకటి, పక్కన సోడాలు కొట్టే ఆయనది ఒకటి. నాలుగోది ఎమ్మిగనూరులో మగ్గం నేసే మా బామ్మర్దిది. అధ్యక్షుణ్ణి నేనే. ఎవరూ ఎన్నుకోలేదు, నాకు బల్లకు తల వైపు కూర్చునే అలవాటుండేది, అంతే.

అధ్యక్షుడిగా నేను ఒక నియమం పెట్టాను. ఏడాది చివర అట్టడుగున మిగిలిన జట్టు లీగు నుంచి వెళ్ళిపోవాలి. వాళ్ళలో ఎవరైనా బాగుపడిన ఆటగాడిగా ఎంపికైతే మాత్రం ఉండొచ్చు. రెండో ముక్క దయగా కనిపిస్తుంది. దయ ఏమీ లేదు. ఎప్పుడూ అట్టడుగున ఉండేది మా బామ్మర్దే. వాడి గుండీల్లో బాగుపడేది ఒకటైనా ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

వాణ్ణి వెళ్ళగొట్టాలని నాకెందుకంత పట్టుదల అంటే, నేను గురి చూసే సమయంలోనే వాడికి మాటలొచ్చేవి.

"ఏం బావా, నీ గుండీలు ఆడ్తాండాయా, పండుకోనుండాయా?"

"నువ్వు నోరు మూసుకుంటే ఆడ్తాయి."

"నా గుండీలు సంతలో గూడా ఆడ్తాయి బావా. నీ వాటికి మౌనవ్రతం గావాల్నా?"

టైలరు భాయ్ కత్తెరతో బల్ల మీద టకటకా కొట్టేవాడు. "ఇద్దరూ చుప్. బావా బామ్మర్దుల కొట్లాట ఇంట్లో పెట్టుకోండప్పా. ఈడ గిరాకీ వస్తాది."

ఇంట్లోనూ అదే కొట్లాట. నా జట్టంతా నా చొక్కాల నుంచి కోసినవే. మా ఆవిడ తమ్ముడి వైపూ ఉండేది కాదు, నా వైపూ ఉండేది కాదు. "ఆడ గుండీలు ఎగరేసేదానికి పోతావు, ఈడ సొక్కాకు పిన్నీసు పెట్టుకోని మండీకి పోతావు. మీ ఇద్దర్నీ ఒకే బస్సు ఎక్కించి యాడన్నా ఇడిసిపెట్టి రావల్ల" అనేది.

నేను చెప్పబోయే ఏడు మొదట్లో వాడి జట్టులో ఒక కోటు గుండీ చేరింది. నల్లటిది, లావుపాటిది, నాలుగు రంధ్రాల్లో రెండు కలిసిపోయి మధ్యలో పగులు వచ్చినది. నొక్కితే ముందుకు పోకుండా తిరగలిలా అక్కడే తిరిగేది. ఒకసారి తిరిగి తిరిగి బంతిని సొంత గోల్లోకే తోసింది. సోడా ఆయన నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళి గోడ పట్టుకున్నాడు. నేను ఆ గుండీకి దండం పెట్టి, "నాయనా, నువ్వు చల్లగుండాల" అన్నాను. బామ్మర్ది గుండీని ఒళ్ళో తుడిచి మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

దసరా వెళ్ళింది. ఆ గుండీ బాగుపడసాగింది. తిరగడం మానేసి ముందుకు వచ్చింది. తరవాత సూటిగా వచ్చింది. సంక్రాంతి నెల దాటేసరికి బల్ల సగం నుంచి గోల్ కొడుతోంది. అదే సమయంలో నా చొక్కా గుండీలు నడుము పట్టేసినట్టు ఎక్కడివక్కడ ఆగిపోయేవి. నా జట్టులో ఒక్కటి మాత్రం, ఎడమ అంచున ఆడే ముత్యంలాంటి తెల్ల గుండీ, కాస్త మెరుగైంది. బాగుపడిన ఆటగాడిగా దాన్ని నిలబెట్టాను. బామ్మర్ది ఎప్పటిలాగే అట్టడుగున ఉన్నాడు. ఒక్క గుండీతో జట్టు గెలవదు కదా. కానీ ఆ ఒక్క గుండీతో లీగులో మిగలొచ్చు. వాడు దాన్ని నిలబెట్టాడు.

చివరి ఆదివారం ఉదయం ఎంపిక. టైలరు భాయ్ కోటు గుండీ అన్నాడు. సోడా ఆయన నా తెల్ల గుండీ అన్నాడు. ఇద్దరూ చెరొక వైపు. తేల్చాల్సింది అధ్యక్షుడు.

"ఆడేదీ నువ్వే, ఎంచేదీ నువ్వే" అన్నాడు బామ్మర్ది.

"అధ్యక్షుడంటే అదే."

"మీ మండీలో గూడా ఇట్లే గదా బావా. తూకమూ మీరే ఏస్తారు, ధరా మీరే సెప్తారు. రైతు తుండుగుడ్డ దులుపుకోని పోవల్ల."

ఆ మాటకు నాకు చెవులు కాలాయి. "ఇది పాత గుండీ కాదు, నువ్వు మార్చినావు" అన్నాను.

వాడు దాన్ని టైలరు చేతిలో పెట్టాడు. ఆయన వెలుతురుకు పట్టి చూసి, "అదే పగులు. ఇట్లాంటి దరిద్రం గుండీ ఇంకోటి యాడ దొరుకుతాది అన్నా" అన్నాడు.

అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. బల్ల మీద వేలు పెట్టి గీశాను. వేలికి తెల్లటి నూగు అంటుకుంది. దసరా తరవాత మా ఊళ్ళో పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లులు మొదలవుతాయి. అన్నంలోనూ దూదే, మీసంలోనూ దూదే. ఆ నూగు దుప్పటి మీద పేరుకుంటే తేలిక గుండీలు దాంట్లో చిక్కుకుంటాయి. లావుపాటి కోటు గుండీకి మాత్రం అదే కళ్ళెం. తిరగకుండా పట్టి ఉంచి సూటిగా పోనిస్తుంది.

"బాగుపడింది నీ గుండీ కాదురా, మా ఊరి దూది" అన్నాను. "బహుమతి ఇయ్యల్లంటే జిన్నింగ్ మిల్లుకు ఇయ్యల్ల."

బామ్మర్ది తడుముకోలేదు. "అదే దూదిలో నీ గుండీలూ ఉన్నాయి గదా. అవెందుకు నేర్సుకోలా? ఈ ఊర్లో పుట్టినవి, ఈ దూది పీల్సినవి."

సోడా ఆయన నా వైపు మనిషై ఉండీ పక్కకు తిరిగి నవ్వాడు. ఆ నవ్వుతో నాకు పంతం ముదిరింది. దుప్పటి దులిపి ఆడించాలన్నాను. టైలరూ నేనూ చెరొక కొస పట్టి వీధిలోకి తీసుకెళ్ళి దులిపాం. దూది మబ్బులా లేచింది. రోడ్డు మీద పోతున్న బస్సే ఆగిపోయింది. ఆ బస్సు అక్కడ ఎప్పుడూ ఆగుతుంది, అది స్టాపు.

మళ్ళీ పరిచి, తడిగుడ్డతో తుడిచి, కోటు గుండీని సగం గీత మీద పెట్టాం. శుభ్రమైన దుప్పటి మీద సూటిగా పోయి గోల్ కొడితే బాగుపడినట్టు, లేకుంటే లేదు. బామ్మర్ది మొదటిసారి నోరు మూసుకున్నాడు. రెండుసార్లు గురి చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మగ్గం మీద నాడె విసిరే చెయ్యి అది, గురికి అంతసేపు తీసుకునేది కాదు. వచ్చే ఏడు ఈ షాపు గడప తొక్కుతాడా లేదా అన్నది ఆ ఒక్క నొక్కులో ఉంది. నాకు జాలి కలగలేదు. కలిగిందని రాస్తే బాగుంటుంది గానీ, కలగలేదు.

నొక్కాడు. ఆ గుండీ గిర్రున తిరిగి, వెనక్కి మళ్ళి, బంతిని సొంత గోల్లో వేసిందని నేను ఇన్నేళ్ళుగా చెబుతూ వచ్చాను. అలా జరగలేదు. కొంచెం వంకరపోయింది గానీ ముందుకే పోయింది. బంతిని తగిలింది. బంతి దొర్లుతూ పోయి అగ్గిపెట్టె డొల్ల ముందు, గీత మీద, సగం లోపలా సగం బయటా ఆగింది.

"గోల్" అన్నాడు బామ్మర్ది.

"గీత మీదుంటే గోల్ కాదు" అన్నాను.

టైలరు భాయ్ గడ్డం గోక్కుంటూ అన్నాడు. "అన్నా, పోయిన నెల నీ బంతి ఇట్లనే ఆగితే గోల్ అంటివి."

"అప్పుడు దూది ఉండె. అది పట్టకుంటే లోపలికి పోయేది."

ఇంతకంటే సిగ్గుమాలిన మాట నా జీవితంలో ఇంకొకటి అనలేదు. అన్నానేమో, గుర్తు లేదు. తెల్ల గుండీకి బహుమతి ప్రకటించాను. గ్లాసు నా ముందుకే జరుపుకున్నాను.

బామ్మర్ది పదకొండు గుండీలనూ ఏరి చేతిరుమాలులో కట్టుకున్నాడు. అగ్గిపెట్టె డొల్లలు రెండూ తీసి పక్కన పెట్టాడు. తరవాత ఆకుపచ్చ దుప్పటిని నాలుగు మడతలు వేసి చంకలో పెట్టుకున్నాడు.

"యాడికి తీస్కపోతావు దాన్ని?" అన్నాను.

"నేను నేసింది బావా. నేసేది మేము, దాని మీద కూసోని యాపారం చేసేది మీరు. ఇంక మీ ఊరి దూది పరుసుకోని ఆడుకోండి."

మేము ముగ్గురం ఉత్త బల్ల వంక చూస్తూ మిగిలాం. మొదటి ఏడు లీగులో చేరేటప్పుడు ఆ దుప్పటి వాడే తెచ్చాడన్న సంగతి ఒక్కరికీ గుర్తు లేకపోయింది. మరుసటి ఆదివారం చెక్క మీదనే ఆడాం. గుండీలు బల్ల చివరి దాకా జారి కింద పడ్డాయి. ఒకటి కుట్టు మిషను తొక్కుడు సందులో ఇరుక్కుంది. టైలరు భాయ్ దాన్ని సూదితో తీసి, "ఇంక సాలు అన్నా, నాకు రంజాను బట్టలుండాయి" అన్నాడు.

కొన్నాళ్ళకు ఎమ్మిగనూరులో లీగు మొదలైందని తెలిసింది. మగ్గాల ఇంట్లో, అదే దుప్పటి మీద. నేను పోను అన్నాను. మా ఆవిడ చొక్కాలన్నీ పెట్టెలో దాచి తాళం వేసింది, గుండీలు కోయకుండా. అయినా పోయాను, ఉన్న పదకొండు గుండీలు మూట కట్టుకుని, ఎమ్మిగనూరు బస్సెక్కి. వాళ్ళ వాకిట్లో నిలబడితే బామ్మర్ది నన్ను ఎగాదిగా చూసి, "ఆలస్యమాయె బావా, బస్సు పంక్చరాయనా?" అన్నాడు.

అక్కడ జిన్నింగ్ మిల్లుల నూగు లేదు. శుభ్రమైన దుప్పటి మీద నా చొక్కా గుండీలు ఆగమంటే ఆగక గోల్ దాటి గోడకు తగిలేవి. ఏడాదంతా ఓడాను. అట్టడుగున మిగిలాను. అధ్యక్షుడు వాడే. నేను పెట్టిన నియమాన్నే వాడూ పెట్టుకున్నాడు, ఒక్క అక్షరం మార్చకుండా.

చివరి రోజు నా తెల్ల గుండీని నిలబెట్టాను. వాడు దాన్ని అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఏం బాగుపడిందని సెప్పమంటావు బావా? మొదటి దినం ఎట్లుండెనో ఈ పొద్దూ అట్లే ఉండాది. నీ లెక్కనే."

"ఇయ్యకుంటే పో. నేను అడుక్కోను."

"ఇస్తాలే. నువ్వు పోతే వచ్చే ఏడు నేనెవుర్ని ఓడగొట్టల్ల?"

వాళ్ళ లీగు స్టీలు గ్లాసు నా ముందుకు తోశాడు. వాకిట్లో వాళ్ళంతా నవ్వారు. విసిరికొట్టి వచ్చేద్దామనుకున్నాను. గ్లాసు తీసుకుని బస్సెక్కాను.

ఆ గ్లాసులో నేను ఇప్పటికీ నీళ్ళు తాగను. గడ్డం గీసుకునే బ్రష్షు పెట్టుకుంటాను. వాడు ఇంటికి వచ్చినప్పుడు మాత్రం అలా పెట్టుకుంటాను. మిగతా రోజుల్లో తాగుతాను.