లక్ష వత్తులు, ఏడుగురు కోడళ్లు

1941లో నేను బాన్సువాడలోని నిజాం సర్కారు బడిలో లెక్కల పంతుల్ని. చదువంతా ఉర్దూలోనే; భాగహారాన్ని తక్సీం అనేవాళ్లం. ఎన్ని వందల తక్సీంలు చేయించానో గానీ, నాకు చెమటలు పట్టించింది మాత్రం బడి బయటే ఎదురైంది.

కార్తీకం ఇంకో నెల ఉందనగా, ఓ శుక్రవారం, బడికి సెలవు. మా వీధి నర్సవ్వ వచ్చి అరుగు మీద కూర్చుంది. వాళ్లది పెద్ద వ్యవసాయ కుటుంబం. ఆమె లక్షవత్తుల నోము పట్టింది. తనకు కళ్లు మసకలు, కాబట్టి వత్తులు చేయాల్సింది కోడళ్లే. కొడుకుల భార్యలూ, మరిది కొడుకుల భార్యలూ కలిపి ఇంట్లో ఉన్నది ఏడుగురు. పుణ్యం అందరికీ సమానంగా రావాలని ఆమె పట్టుదల. తలా పద్నాలుగు వేల రెండువందల ఎనభై అయిదు చేసినా ఇంకా అయిదు మిగులుతున్నాయి. ఆ అయిదూ నేను చేస్తానని పెద్దకోడలు అంటే, నీకొక్కదానికే ఎక్కువ పుణ్యమా అని రెండో కోడలు లేచింది. రెండు రోజులుగా ఎవరూ పత్తి ముట్టలేదు.

"గింత సదివినవ్, ఏడుగురికి సరిగ్గ పంచరాదా పంతులూ?" అని నిలదీసింది.

లక్ష మహా మొండిదని చెప్పాను. చూడటానికి ఎంత పెద్దదైనా, రెండును అయిదుసార్లు, అయిదును అయిదుసార్లు వేసుకుని అన్నిటినీ హెచ్చవేస్తే వచ్చిందే అది. రెళ్లతో, అయిదులతో కట్టిన అంకెలకు తప్ప లొంగదు. మూడుతో పంచితే ఒకటి మిగులుతుంది, ఆరుతో నాలుగు, తొమ్మిదితో మళ్లీ ఒకటి. పలక తెచ్చి చేసి చూపించాను కూడా. ఆమెకు నా చదువు మీదే అనుమానం వచ్చినట్టుంది.

"మరి ఎందరికైతే సరిపోతది?"

అయిదుగురికి, ఎనిమిది మందికి, పది మందికి అన్నాను. ఇద్దరిని తీసేస్తే ఇంట్లో యుద్ధమే. ముగ్గుర్ని కొత్తగా ఎక్కడినుంచి తెస్తుంది? ఎనిమిది దగ్గర ఆమె ఆగిపోయింది. ఎందుకో వీధి మొత్తానికి తెలుసు. చిన్నకోడలు బాలమణి చారులో ఉప్పు లేదని అత్త మొహం మీదే అనేసింది. మాటకు మాట పెరిగి, రెండేళ్ల కిందట మొగుణ్ణి తీసుకుని వేరుకాపురం పెట్టింది. అప్పటినుంచి రెండిళ్లకూ మాటల్లేవు.

"ఎనిమిది మందికైతే ఏం మిగలదా?"

"తలా పన్నెండు వేల అయిదువందలు. ఒక్క వత్తి కూడా మిగలదవ్వా."

లక్షకు ఇంకో రెండు వత్తులు కలిపితే ఏడుగురికీ సమానంగా వస్తుందని నాకు తెలుసు. ఆ మాట నోట రానివ్వలేదు. లెక్కల పంతులుగా అది తప్పే, ఒప్పుకుంటాను. నర్సవ్వ, లెక్క ఇంత మొండికేస్తే తానేం చేస్తానని గొణుక్కుంటూ లేచి, బాలమణి ఇంటివైపు నడిచింది.

కార్తీక పున్నమి సాయంత్రం నన్నూ పిలిచారు. బాలమణి తోటికోడళ్ల మధ్య కూర్చుని గలగలా మాట్లాడుతోంది. ప్రసాదం ఇస్తూ నర్సవ్వ గొంతు తగ్గించింది.

"ఇంకో రెండొత్తులు జేస్తే ఏడుగురికి సరిపోతుండె. నాకెర్కనే పంతులూ. నువ్ యాడ జెప్తవోనని బుగులైంది."

ఆమె భయం విని నాకు సిగ్గేసింది, అంతకు మించి సంతోషమూ వేసింది. లెక్క అడగవచ్చిన మనిషికి జవాబు ముందే తెలిసి ఉండొచ్చని అప్పటిదాకా నాకు తోచనేలేదు. ఆ తర్వాత బడి బయట ఎవరు లెక్క అడిగినా, పలక తీసే ముందు వాళ్ల ముఖం చూడటం నేర్చుకున్నాను.