అడ్డుతెర కోసం పెట్టిన ఫోకసు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఫోటో స్టూడియో నడిపిన మా సార్ పోయిన మంగళవారం పొద్దున గుండె ఆగి చనిపోయారు. మన యువజన కమిటీ పెట్టబోయే ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ ఫోటోల ప్రదర్శనలో మొదటి ఫోటో కింద ‘కెమెరా ఇచ్చి నేర్పినవారు’ అని నేను ఆయన పేరు రాశాను. ఆ లైను మన కమిటీ అధ్యక్షుడు కొట్టేశాడు. “సెటిలర్ పేరు మన ఫోటో కింద ఎట్ల పెడ్తమురా? జనం ఏమనుకుంటరు?” అన్నాడు. ఇది తప్పు. చేసింది సర్కారు కాదు, పోలీసులు కాదు. మనమే. అందుకే ఈ కరపత్రం అచ్చేయించి పంచుతున్నాను.

కోపంతోనే మొదలుపెట్టాను గానీ, ఆయన గురించి రాస్తుంటే కోపం నిలవడం లేదు.

ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కు పోయే గల్లీలో స్టూడియో. మాది నల్లగొండ దిక్కు పల్లె, ఎల్బీనగర్‌లో కిరాయి ఇల్లు. ఒక ర్యాలీలో స్నేహితుడి కెమెరాతో తీసిన ఫోటోలు ప్రింటు వేయించడానికి మొదటిసారి ఆయన దగ్గరికి పోయాను. కంప్యూటర్‌లో ఒక ఫోటో దగ్గర ఆగారు.

“జెండా బ్రహ్మాండంగా వచ్చిందయ్యా. వెనకాల ఈవిడెవరు?”

“మా అమ్మ.”

“నువ్వు చెప్పబట్టి తెలిసింది. మొహమంతా మసకేగా.”

“జెండా గూడ ముఖ్యమే గద సార్,” అన్నాను, కొంచెం గట్టిగానే.

“జెండాకి కళ్ళుండవు బాబూ. కళ్ళున్న చోట పెట్టాలి ఫోకసు.”

తర్వాత ఆయన తన రెండో కెమెరా తీసి, మెనూలో ఏదో మార్చి నా చేతిలో పెట్టారు. మామూలుగా ఫోటో తీసే బటన్ సగం నొక్కగానే కెమెరా తనంతట తాను ఫోకసు వెతుక్కుంటుంది. ఎదురుగా ఏది దగ్గరుంటే దాన్నే పట్టుకుంటుంది. ఆయన ఆ పనిని పై బటన్ నుంచి తీసేసి, వెనకవైపు బొటనవేలి కింద ఉండే చిన్న బటన్‌కు అప్పగించారు.

“ఇక పై బటన్ ఫోటో మాత్రమే తీస్తుంది. ఫోకసు నీ వేలిది. మొహం మీద పెట్టి నొక్కు. దొరికిందా, వేలెత్తెయ్. నువ్వూ ఆవిడా ఉన్నచోట ఉన్నంతసేపు ఎన్ని జెండాలు అడ్డమొచ్చినా అది చెదరదు.”

ఈ కిటుకు ఆయనకు పెళ్ళిళ్ళలో పట్టుబడిందట. జీలకర్ర బెల్లం వేళ పెళ్ళికొడుక్కీ పెళ్ళికూతురికీ మధ్య అడ్డుతెర పట్టుకుంటారు గదా. కెమెరా ఆ గుడ్డనే పట్టుకునేదట. తెర దిగేసరికి లెన్స్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటూ ఉండేది, ఈలోపు పెళ్ళికూతురి మొదటి చూపు అయిపోయేది. “మళ్ళీ ఒకసారి చూడమ్మా అంటే ఆ చూపు వస్తుందా?” అనేవారు. అందుకని తెర అడ్డం పట్టకముందే అమ్మాయి మొహం మీద ఫోకసు పెట్టి, వేలెత్తి, నిలబడి ఎదురుచూసేవారు. కెమెరా డయల్ మీద మనకు నచ్చిన సెట్టింగుల ఏర్పాటు దాచుకునే గళ్ళుంటాయి. మొదటి గడిలో పెళ్ళిళ్ళ ఏర్పాటు ఉండేది. రెండో గడిలో నా కోసం ఎండకూ పొగకూ ఉరికే జనానికీ సరిపోయేట్టు ఇంకొకటి దాచారు.

“మీ ఉద్యమం సంగతి నన్నడగొద్దు. ఫోకసు సంగతి అడుగు,” అనేవారు. నేను ఊరుకుంటానా? కరపత్రాలు పట్టుకుపోయి బిగ్గరగా చదివేవాణ్ణి. ఆయన లెన్స్ తుడుచుకుంటూ వినేవారు. “బాగా చదివావు. మధ్యలో ఊపిరి కూడా తీసుకో.”

ఒకసారి నేను ఆ సెట్టింగులన్నీ కెలికి, ఫోటోలు నల్లగా వస్తుంటే స్టూడియోకు ఉరికాను. ఆయన డయల్‌ను పక్క గడికి తిప్పి మళ్ళీ వెనక్కి తెచ్చారు. అంతే, అన్నీ మొదట ఉన్నట్టే. “పైపైన కెలికింది పోతుంది. దాచుకున్నది ఉంటుంది. పరేషాన్ అవకు,” అన్నారు. పరేషాన్ అన్న మా దిక్కు మాట ఆయన నోట వచ్చేసరికి నాకు నవ్వొచ్చింది.

ఎల్బీనగర్ చౌరస్తాలో నిరసనగా వంటావార్పు చేసిన రోజు అమ్మ రోడ్డు మీద పొయ్యి పెట్టింది. నడుమ పొగ, జెండాలు. అమ్మ మొహం మీద ఫోకసు పెట్టి, వేలెత్తి, ఆగాను. పక్కింటి అక్క అన్నం ఉడికే గంజులోకి తొంగి చూసి, “ఏందొదినా, ఇంట్ల గూడ అన్నకు గిట్లనే మాడబెడ్తవా?” అంది. అమ్మ గరిటె పట్టుకుని పగలబడి నవ్వింది. అప్పుడు నొక్కాను. ఫోటోలో జెండాలు రంగుల్లా పారుతున్నాయి. వాటి నడుమ, పొగకు కారిన నీళ్ళతో అమ్మ కళ్ళు స్పష్టంగా ఉన్నాయి.

సార్ దాన్ని పెద్ద ప్రింటు వేసి, స్టూడియో అద్దాల అరలో పెళ్ళిజంటల మధ్య పెట్టారు. ఆయన ఊరివాళ్ళొకరు వచ్చి, “ఇదేవిటండీ, మీరు కూడానా?” అని అడిగితే, “ముందు ఆవిడ కళ్ళు చూడండి,” అన్నారు. అమ్మ మార్కెట్‌కు పోతూ అక్కడ ఆగేది. “పెండ్లిపిల్లల నడుమ నన్ను నిలవెట్టిండు సూడు, గీ సారు,” అంటూనే కొంగు సర్దుకునేది.

మన ప్రదర్శనలో మొదటి ఫోటో అదే. పేరు కొట్టేసింది దాని కిందే.

ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు అందరూ ఆ స్టూడియో ముందుకు రండి. సార్ భార్య షట్టర్ తీస్తానన్నారు. మైకు లేదు, వేదిక లేదు. అద్దాల అరలో ఆ ఫోటో ఉంటుంది. దాని కింద ఆయన పేరు మా అమ్మ చేత అతికిస్తాను. అధ్యక్షుడన్నా, నువ్వు గూడ రా. ఆయన నాకిచ్చిన కెమెరా బల్ల మీద ఉంటుంది. నీకు తోచినట్టు కెలుకు. తర్వాత డయల్ ఒకసారి పక్కకు తిప్పి, రెండో గడికి తే. సార్ పెట్టింది పెట్టినట్టే ఉంటుంది.